కవరు మీద పట్టని పేర్లు

క్యాసెట్టు కవరు అరచేతంత ఉంటది.
"తోడున్నోళ్ల పేర్లు నువ్వే రాయి" అన్నడు మార్కండ.
డ్రమ్ములు కొట్టేటోనికి కలమిస్తే ఏమైతది,
కాయితం చిరిగింది రెండుసార్లు.

మొదలు "తుప్పు" అని రాసిన.
మా నలుగురి తొలి బ్యాండు.
సిరిసిల్ల సైజింగు షెడ్డు ఎనక, గంజి వాసనల,
ఆదివారం కరెంటుంటే వాయించినం,
లేకుంటే కొట్లాడినం.
ఆఖరికి ఒక ఆంప్లిఫైయరు కాడ ఇడిపోయినం.
అది మాలో ఎవ్వనిదీ గాదు.
వేములవాడ పెండ్లి బ్యాండోళ్లది, రెండు దినాల కిరాయికి తెచ్చింది,
తొమ్మిదేండ్లాయె.

సమ్మయ్య గోదావరిఖని పోయి "మూడో బాయి" పెట్టిండు.
వాడు పాడడు, గీకుతడు.
వాళ్ల నాయన లోపల మింగిన బొగ్గుపొడి
ముప్పై ఏండ్లకు కొడుకు గొంతుల బయటికొస్తున్నట్టు.
డాక్టరు టార్చి కొట్టి చూసి గొంతు పాడైందన్నడట.
మాకు అప్పుడే పాటకొచ్చిందనిపించింది.

సెల్విన్ కాజీపేట రైల్వే క్వార్టర్ల "ఔటర్ సిగ్నల్" పెట్టిండు.
గూడ్సు బండి దాటేదాక పాట ఆపుడు,
దాటినంక అదే తీగ మీదికి మళ్ల వచ్చుడు.
రెండు బ్యాండ్లల్ల డ్రమ్ములు నేనే.
కర్రలు చంకల పెట్టుకొని పల్లెవెలుగు బస్సుల తిరిగిన,
ఒకని ముచ్చట ఒకని కాడ ఎత్తకుంట,
మూడిండ్ల అన్నం తిన్నోని లెక్క.

మార్కండ ఒక్కడే మిగిలిండు.
గిటారమ్మి పాత కంప్యూటరు కొన్నడు.
వాళ్ల నాయన సాంచల కింద రాత్రంత మైకు పెట్టిండు.
ఆ చప్పుడును సన్నగ కోసి, తలకిందులు జేసి,
నా పాత దెబ్బల పక్కన పరిచిండు.
రెండూ అతికినయి. సూది దూరే సందు లేదు.
నా సొంతమని పదేండ్లు ఎగిరిన తాళం
ఆ గల్లీల పిల్లలంత తల్లి కడుపుల విన్నదేనట.

అట్లయితే పన్నెండో నంబరు సాంచ పేరు రాయాలె,
ఏడో దెబ్బకు కుంటుతది, ఆ కుంటు మీదనే రెండో పాట నిలబడ్డది.
కండెలు సుట్టే లస్మవ్వను రాయాలె,
నడుమ దగ్గింది, మేం తియ్యలే.
నాలుగో పాట చివర ఆ మౌనం
అర్ధరాత్రి కరెంటు తీసిన లైన్‌మన్‌ది.
ఆయన పేరెవ్వరికి ఎరుక?

పాట పూర్తయినంక నాయనకు పెట్టిండు మార్కండ.
సాంచలు చెవులు తిన్న మనిషి.
స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కండ్లు మూసుకొని,
చానసేపు కూసున్నడు.
"బాగున్నదా?" అని సైగ జేసిండు కొడుకు.
"పన్నెండోదాని బోల్టు ఒదులైంది" అన్నడాయన,
పానా తీసుకొని లేచి పోయిండు.

ఈ నడుమ సమ్మయ్య ఫోను, నా పేరు ముందు పెట్టమని.
సెల్విన్ ఫోను, తన పేరే పెట్టద్దని.
ఇద్దరికీ సరే అన్న.
మూలకు ఇంకొక్క పేరుకు జాగున్నది.
పెండ్లి బ్యాండోళ్లను రాద్దామని కలం పెట్టి
ఆగిన.
రాస్తే ఆంప్లిఫైయరడుగుతరు.