వేరే పద్దు

ఫహాహీల్‌లో మా బడి,
ఆరో తరగతి గోడకి
నాలుగు బెజ్జాలు పెట్టాడు గంగరాజం.
మెట్‌పల్లి మనిషి. డ్రిల్లు ఆపి
"టీచరమ్మా, గీ పాత బోర్డు ఏడ వెట్టాలె?" అన్నాడు.
దాని మీద నిన్న రాసిన 'క్ష' ఇంకా ఉంది.

ఈ తెర కోసం
ఫీజుకి ఇరవై దినార్లు కలిపారు.
మూడో నంబరు బస్సులో ఏసీ
ఏప్రిల్ నుంచీ వేడిగాలే ఊదుతోంది.
మీటింగులో ఆ మాటే అన్నాను.
"అది వేరే పద్దు, మేడమ్."
పద్దులు వేరైనా చెమట ఒకటే కదా
అన్న జవాబు నాకు
మెట్లు దిగుతుంటే గానీ తట్టలేదు.

తెర వెలిగింది.
పాఠం తెరిస్తే
వత్తులన్నీ ఊడి పక్కన నిలబడ్డాయి.
చూశారా, అనబోయాను
గెలిచినట్టు.

చివరి బెంచీ నుంచి తస్నీమ్ లేచొచ్చింది.
'కథ' అని చెబితే 'కద' అని రాసే పిల్ల.
రెండు వేళ్ళతో అక్షరాన్ని సాగదీసింది,
తలుపంత అయ్యేదాకా.
"టీచర్, థ కడుపులో చుక్కుంటుందా?"

జూన్ నుంచి
ఆ చుక్కకి
అర మార్కు కోస్తూనే ఉన్నాను.

కళ్ళజోడుకి పన్నెండు దినార్లవుతుందేమో.
అదెవరి పద్దు?

గంగరాజం వైర్లు చుట్టుకుంటూ
"పారేసేదైతే నాకియ్యుండ్రి,
మెహబులా రూముల మెస్సు లెక్క రాసుకుంటం" అన్నాడు.
'క్ష' తుడవకుండానే
చంకన పెట్టుకుని
ఎండలోకి దిగాడు.