ఏడో చదరం

ఇక్కడ మా టైమ్‌టేబుల్ వేసేది
రిజిస్ట్రార్ కాదు, చంద్రుడు.
ఈ వారం సముద్రం వెనక్కి తగ్గేది తెల్లవారుజామున నాలుగూ నలభైకి.
మచాయస్ ఊరంతా ఇంకా దుప్పట్లోనే ఉంది.
కాలేజీ వ్యాన్‌లో హీటర్ పనిచేయదు.
పక్క సీట్లో డెల్ఫీన్ తిబడో,
ఒళ్లో పీవీసీ గొట్టాలతో తనే చేసుకున్న చదరం:
అర మీటరు ఇటు, అర మీటరు అటు.
లోపల ఏమీ లేని పటాన్ని
పగలకుండా పట్టుకున్నట్టు పట్టుకుంది.

మూడో సంవత్సరం పిల్ల. వేసవికి మూడు వేల డాలర్లు.
అవి ఇప్పించడానికి నేను నింపిన ఫారాలు పదకొండు.
"విద్యార్థిని ఏం నేర్చుకుంటుంది?" అని అందులో ఒక గడి.
నత్తల్ని లెక్కపెట్టడం అని రాస్తే డబ్బు రాదు.
ఏదో పెద్ద మాట రాశాను,
ఇప్పుడు గుర్తులేదు.

మొన్న మంగళవారం ఆమె పట్టిక మీద
ఎర్రపెన్ను ఆగిపోయింది.
పన్నెండు చదరాలు. ముప్పై, నలభై ఒకటి, యాభై రెండు...
ఏడో దాంట్లో సున్న.
జూన్‌లో సున్న, జూలైలో సున్న, నిన్నా సున్న.
"చలికి తొందరపడి వదిలేశావా?" అన్నాను.
మెత్తగానే అన్నాను,
మెత్తటి మాటే లోతుకి దిగుతుందని తెలియనట్టు.

ఆమె వాదించలేదు.
బార్నకిల్స్ కోసిన వేళ్లు బల్లమీద పెట్టి
"మూడుసార్లు లెక్కపెట్టాను, ప్రొఫెసర్.
మూడుసార్లూ ఏమీ లేకపోవడాన్నే లెక్కపెట్టాను" అంది.

అందుకే ఇవాళ ఇద్దరం.

నాచు మీద నా అడుగులు
ఎవరి చెప్పులో వేసుకుని బయల్దేరినట్టున్నాయి.
ఆమెవి, రాత్రి దాహమేసి
దీపం వెయ్యకుండా వంటింట్లోకి వెళ్లేవాళ్లవి.
వాళ్ల నాన్న ఈ బురదలోనే ఆల్చిప్పలు తవ్వుతాడు.
మా కాలేజీ మెట్లు ఒకే ఒక్కసారి ఎక్కాడు,
వాటి మీద మంచు తవ్వడానికి.

ఏడో చోట మోకాళ్ల మీద కూర్చుని
రాతి పగులులో వేలు ముంచి నాలుకకి రాసుకుంది.
"మీరూ చూడండి."

చూశాను.
చల్లగా, చప్పగా, ఉప్పు ఊసే లేకుండా
సముద్రం నడిబొడ్డున మంచినీళ్లు.
రాయి కింద ఎక్కడో ఊట.
నత్తలకి తెలుసు. చుట్టూ తిరిగి పోతున్నాయి.
"నాన్న ఇక్కడే సీసా నింపుకుంటాడు."
"మరి ముందే చెప్పలేదేం?"
"ఎన్ని ఉన్నాయని అడిగారు. ఎందుకు లేవని అడగలేదు."

తిరిగొచ్చి, బూట్లయినా విప్పకుండా
కింది సొరుగు లాగాను.
2009, ఈ ఊళ్లో నా మొదటి వేసవి, ఇదే ఒడ్డు.
నోటుబుక్కు అట్టకి ఉప్పు ఇంకా అంటుకునే ఉంది.
నా గుండ్రటి దస్తూరీలో, నా సొంత తొందరలో:
"ఏడు – సున్న. పరికరం లోపం కావచ్చు. తీసెయ్యాలి."

తీసేశాను.
పదకొండు చదరాలతో వచ్చిన ఆ వ్యాసం
కారిడార్లో అద్దం వెనక వేలాడుతోంది.
ఆ పిల్ల ఆధారాల జాబితాలో మొదటి పేరు దానిదే.

దాచొచ్చు. సొరుగుకి తాళం ఉంది.
కాసేపు తాళంచెవి వైపు చూశానని కూడా
ఇక్కడ రాయాలి, లేకపోతే ఇదీ పదకొండు చదరాల లెక్కే.

పుస్తకం ఆమె ముందుకి జరిపాను.
చదివింది. నవ్వలేదు.
"పరికరం అంటే ఏది?" అని మాత్రం అడిగింది.
పీవీసీ గొట్టం నాలుగు డాలర్లు. దానికి లోపం ఏముంటుంది.
నా కళ్లజోడు తుడుచుకున్నాను.

అక్టోబరులో పోస్టరు చిత్తుప్రతి తెచ్చింది.
మూడో పేరాలో ఒక వాక్యం:
"పొనలూరి, 2009, ఏడో చదరాన్ని
మళ్లీ వెళ్లి చూడకుండానే వదిలేశారు."
"ఇంకాస్త మెత్తగా రాయనా?" అంది
నేల చూపులు చూస్తూ.

వద్దన్నాను.
ఎర్రపెన్ను మూత తీశాను.
నా ఇంటిపేరులో ఒక న తగ్గింది.
అది మాత్రం దిద్దాను.