కాలవ కట్టేసిన వారం

లాకుల దగ్గర బోర్డు మీద సుద్దముక్కతో తారీఖు రాశారు,
నిరుటిది తుడవకుండానే.
నీళ్ళు లేని కాలవ
పళ్ళసెట్టు తీసేసిన ముసలాయన నోరులా ఉంది.

సోమవారం పదకొండు మందిమి దిగాం.
గుర్రపుడెక్కకి అందమంతా పువ్వులో, మొండితనమంతా వేరులో.
ఏసుబాబు ఒక ఊదాపువ్వు చెవిలో పెట్టుకుని
"పెళ్ళికొడుకునండి బాబూ" అన్నాడు.
పొద్దుగూకేసరికి గట్టు మీద బోర్లా పడి
"రేపు రానండి" అన్నాడు.
వచ్చాడు.

వంట నాకప్పగించారు.
జిరాక్సు షాపు షట్టరు దించి గరిటె పట్టాను.
ముగ్గురికి వేసే ఉప్పు నా వేళ్ళకి తెలుసు,
ముప్పై మందికి వేళ్ళు తడబడ్డాయి.
మంగళవారం మజ్జిగపులుసు అంతర్వేది సముద్రం.
పల్లాలు తిని, చెయ్యి కడుక్కుని, ఏమీ అనకుండా
నా పక్కన ఒక కొబ్బరికాయ కొట్టి పెట్టిపోయింది.
పాలు తీసి పోశాను.
తప్పు చెప్పడానికి నోరే అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నాలు లాకుల షెడ్డు కింద ఎవరి లోకం వాళ్ళది.
బుల్లియ్య మాస్టారు రేడియో విప్పుతారు,
బిగించాక ఎప్పుడూ ఒక మర మిగులుతుంది.
ఏడాదంతా కూలికి లేసు అల్లే నూకరత్నం
ఇక్కడా లేసే అల్లుతోంది.
"ఇది ఆర్డరు కాదండి, నాది" అంది,
దారం వేలికి ఇంకో చుట్టు చుట్టుకుంటూ.
నేను పాడైన జిరాక్సు కాగితాల వెనక
గళ్ళు గీసి పదకేళి కట్టుకుంటాను.
నింపేవాళ్ళు లేరు. ఆధారాలు కూడా నేనే మర్చిపోతాను.

గురువారం వడగాడ్పు, ఎవరూ దిగలేదు.
నా ఒక్కదానికే దిబ్బరొట్టె వేసుకున్నాను,
అడుగు మాడేదాకా ఉంచి.
నాకలాగే ఇష్టం.

శుక్రవారం బురదలో స్టీలు గిన్నె దొరికింది.
అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు.
ముందు రెండక్షరాలు అరిగిపోయి
"వేణి" మాత్రం మిగిలింది.
నాగవేణి, మా అత్త, అంది పల్లాలు.
కృష్ణవేణి అన్నారు మాస్టారు, ఎవరో చెప్పకుండా.
వీరవేణి అని ఇంకొకరు.
త్రివేణి అన్నాడు ఏసుబాబు.
"గడి తక్కువైందిరా" అన్నాను.
మావాళ్ళదే అన్నవాళ్ళు ముగ్గురు,
పట్టుకెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.
చింతపండుతో తోమి అందులో ఉప్పు పోశాను.
శనివారం పనసపొట్టు ఆవపెట్టిన కూర
ఎవరూ కొబ్బరికాయ తేలేదు.

ఆదివారం నీళ్ళొదిలారు.
ముందు నురగ, ఎండుటాకులు, ఒక చెప్పు,
ఆ వెనక ఎర్రటి నీళ్ళు, అడుగు తడుముకుంటూ.
గట్టు మీద అందరం నించుని చూస్తున్నాం.
చప్పట్లు కొడదామనుకుంటుండగా
పై ఊరి నుంచి ఒకే ఒక్క గుర్రపుడెక్క
నెత్తిన పువ్వు పెట్టుకుని
ఊరేగింపుగా తేలుతూ వచ్చింది.
అందరం ఏసుబాబు వైపు చూశాం.
వాడు లుంగీ ఎగ్గట్టాడు.
"వంటేటండి ఇయ్యాళ?" అన్నాడు.