ఉమ్మి తడి

మా ఊరి బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి.
కనిగిరికి పడమర, గుండ్లు తేలిన నేల.
ఆ నీళ్లే తాగి పెరిగా.
పాలపళ్లు ఊడి వచ్చిన పళ్లు
గోధుమ చారలతోనే వచ్చాయి.
టీ మరకలనుకొని బొగ్గు పెట్టి తోమేది అమ్మ,
చిగుళ్లు నెత్తురయ్యేదాకా.
ఫొటో తీసేవాడు నవ్వమంటే
పెదాలు ముడవడం అట్నే అలవాటైంది.

ఇప్పుడు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ. కోత పని.
సాయంత్రానికి కనురెప్పల మీద కూడా నల్లదుమ్ము.
బిడ్డకు మాత్రం మొదట్నుంచీ క్యాన్ నీళ్లే కొన్నా,
బీడీలు మానేసి.

అయినా పోయిన నెల
సలోమి ముందు పన్ను మీద తెల్లమచ్చ,
బలపం గీసి మరిచిపోయినట్టు.
నాకు కాళ్లలో వణుకొచ్చింది.

తర్లుపాడు రోడ్డులో హుమేరా డాక్టరమ్మ
చిన్న అద్దం పెట్టి చూసింది.
"చింతకాయలు తింటావా?"
సలోమి ఫ్యాను వైపు చూసింది.
"రోజూనా?"
ఫ్యాను వైపే చూసింది.

"ఇది నీళ్ల మచ్చ కాదులే అన్నా.
పులుపుకి పన్నులో సున్నం కారిపోయింది.
ఇంకా గుంట పడలా.
పోయిన చోటికే మళ్లీ చేరుద్ది, తొందర పెట్టకుంటే."
ఎవరు చేరుస్తారమ్మా అన్నా.
"దాని ఉమ్మే.
రాత్రీ పగలూ అదే పని దానికి.
ఈ క్రీము పాలలోంచి తీసింది, ఊరికే సాయానికి."

ఉమ్మా!
ఉమ్మంటే చెరిపేదనే నాకు తెలుసు.
ఎక్కం తప్పితే పలక మీద ఉమ్మి
అరచేత్తో తుడిచి,
అందుకు అయ్యవారి చేత తన్నులు తిని,
మళ్లీ ఉమ్మిన వాణ్ణి.
అదే తడి
నోట్లో కూర్చుని రాస్తదంట,
రవ్వ రవ్వగా, ఎవరికీ కనపడకుండా.

నవ్వొచ్చింది. పెదాలు ముడవడం మరిచిపోయా.
డాక్టరమ్మ నా పళ్లు చూసింది,
నేనేమీ అడక్కముందే చెప్పింది:
"మీవి చిగురు లోపలుండగానే రాసినవి. ఈ క్రీముతో పోవు."

తెలుసమ్మా.
గనిలోంచి వచ్చేటప్పుడే కొన్ని రాళ్లకు చార ఉంటది.
ఎంత నూరినా పోదు, పక్కన పడేస్తాం.
ఆ పడేసిన వాటితోనే
మా వీధిలో గోడలు.

రాత్రి క్రీము పూసుకున్నాక
అరగంట తినకూడదు, తాగకూడదు.
మాట్లాడితే కారిపోద్దని దానికదే పెట్టుకున్న రూలు,
మూతి బిగించి కూర్చుంది సలోమి.
మూల విరిగిన పలక తీసి
బరబరా గీకి నా ముందుకు తోసింది.

"ఆదివారం ఒక్క చింతకాయ?"

చెరిపేద్దామని
బొటనవేలు నాలిక దాకా తీసుకెళ్లి
ఆగిపోయా.