ఆకుపచ్చ సిరా

ముప్పై ఒక్కేళ్ళు గుంటూరు అరండల్‌పేట కాలేజీలో
ఫిజిక్స్ ల్యాబు తాళంచెవి నా మొలతాడుకే ఉండేది.
తూనికరాళ్ళు తుడిచాను. పాదరసం ఒలకబోసి
జీతంలో కోయించుకున్నాను.
అంతకు మించి నాకు సైన్సు తెలుసని చెప్పను.

నిన్న సాయంత్రం మా వీధి చివర షామియానా కింద
పట్టుపంచె కట్టిన ఒకాయన మైకులో అన్నాడు:
"అణువు సంగతి మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు.
శూన్యం సంగతి చెప్పారు. చూసేవాడే దృశ్యమని చెప్పారు.
ఇవాళ తెల్లవాళ్ళ యంత్రాలు అదే ఒప్పుకుంటున్నాయి."
చప్పట్లు.
నా పక్కన రిటైర్డు తాసీల్దారు బుచ్చినరసయ్య గారికి
కళ్ళలో నీళ్ళు.
నాకూ కొంచెం పొంగింది, అబద్ధమెందుకు.

కానీ చేతులు కలవబోయి ఆగాయి.

ప్రాక్టికల్ పరీక్ష రోజు పిల్లలు
ముందు జవాబు రాసుకునేవాళ్ళు: తొమ్మిది పాయింట్ ఎనిమిది.
అక్కణ్ణుంచి వెనక్కి నడిచి
ఊగని లోలకానికి ఊపులు రాసేవాళ్ళు.
గ్రాఫు గీత మీద చుక్కలు చీమల బారులా కుదిరేవి.
మరీ అంత చక్కగా కుదిరితే
హుమాయూన్ సారు కాగితాన్ని వెలుతురుకెత్తి చూసి నవ్వేవాడు:
"దారాన్ని అసలు ముట్టుకున్నావా అబ్బాయ్?"

ఒక ఏడు మాత్రం కోటిరత్నం అనే పిల్ల,
నల్లచెరువు నుంచి నడిచొచ్చేది,
యార్డు వైపు నుంచి మిరపఘాటు కొట్టి
ల్యాబంతా తుమ్మితే
లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.
మూడుసార్లు.
చివరికి తేలింది తొమ్మిది పాయింట్ రెండు.
అదే రాసింది.
"తప్పొచ్చింది సార్" అంది.
"తప్పే. కానీ వచ్చింది కదమ్మా" అన్నాడాయన.

షామియానా కింద అడగాలనిపించింది:
అయ్యా, ఆ పాతకాలపు మనిషి
తన ఊపిరిని తానే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడు
ఎన్నిసార్లు లెక్క తప్పాడో, ఎన్నిసార్లు తుమ్మాడో
అది చెప్పవేం?
జవాబొక్కటే ఎత్తుకొచ్చి
జిరాక్సు కాగితంలా పట్టుకుని
గెజిటెడ్ ఆఫీసరు గుమ్మం ముందు నిలబడతావేం?
ఆకుపచ్చ సిరా సంతకం పడితే తప్ప
ఆయన మాట అసలుది కాదా?
రేపు ఆ ఆఫీసరు బదిలీ అయితే
(అవుతూనే ఉంటాడు, నేను చూశాను,
మా బీరువాలో మూడు పాత సిలబస్సులు చెదలు తిన్నాయి)
అప్పుడు ఉపనిషత్తును ఏ లైన్లో నిలబెడతావు?

అడగలేదు. మైకు నాది కాదు.
పులిహోర పెట్టారు. తిన్నాను. బాగుంది.

రాత్రి కరెంటు పోయింది.
ల్యాబుకి కొత్త తాళం వేశాక నా దగ్గరే ఉండిపోయిన పాత చెవిని
దారంతో దండేనికి వేలాడదీసి
ఫోను లైటు వేసి, వదిలాను.
గోడ మీద నీడ, గాల్లో ఇనుము.
ఒకటి. రెండు. మూడు.
పద్నాలుగు దగ్గర
లెక్కపెడుతున్నది ఎవరో తెలియలేదు.
ఊపు మాత్రం ఉంది.

ఇది ఆయన చెప్పినదేనేమో.
హుమాయూన్ సారు చెప్పినదేనేమో.
తేల్చుకునేలోపు దోమ కుట్టింది.

ఒకటి నుంచి మొదలెట్టాను.