పట్టాలు

రీగాలో పదకొండో నంబరు ట్రామ్ నాది.
పందొమ్మిదేళ్ళు నడిపి కూడా
ఊరు దాటలేదు.

మొన్న రాత్రి వంటింటి బల్ల మీద
నా కూతురు సిగ్నే రెండు ఉత్తరాలు పరిచింది.
ఒకటి మా ఊరి యూనివర్సిటీది:
గణితం, ఫీజు ప్రభుత్వమే కడుతుంది.
రెండోది సముద్రం అవతల గేమ్ డిజైన్ స్కూలుది.
అందులో ఫీజు అంకె చదివి
చేపల డబ్బా మూత సగం తీసి ఆపేశాను.

మా నాన్న ఆర్విడ్స్ జీవితమంతా భూములు కొలిచినవాడు.
కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు:
"పట్టా ఒకటి చేతికి రానీ తల్లీ,
ఆడుకోవడానికి ఆదివారాలున్నాయి."
సిగ్నే మాట్లాడలేదు.
నల్లరొట్టె మీది గింజలు ఒక్కొక్కటే గిల్లి
పళ్ళెం అంచున వరసగా పేర్చింది.
కోపమొస్తే దాని లెక్క అది.

ఆ స్కూలు చూడ్డానికి నేనూ వెళ్ళానని
ఆయనకి తెలియదు.
సెలవు పెట్టి, ఓడెక్కి, ఊరు దాటింది ఆ ఒక్కసారే.
పన్నెండుమంది పిల్లలు ఒక గదిలో
ఒక తలుపు గురించి పోట్లాడుకుంటున్నారు.
అది కిర్రుమనాలా, వద్దా?
కిర్రుమంటే భయం వేస్తుందా,
ఇల్లు ముసలిదైందని జాలి వేస్తుందా?
గంటసేపు!
నవ్వబోయి,
నా ట్రామ్ తలుపులు మూసే ముందు మోగే గంట గుర్తొచ్చి
ఊరుకున్నాను.

యూనివర్సిటీలో మెట్లు మధ్యకి అరిగి
గుంటలు పడి ఉన్నాయి.
ఒక ముసలి ప్రొఫెసరమ్మ సుద్దముక్కతో ముడి గీసి
"ఇది విడదు. విడదని ఎలా తెలుసు?" అంది.
ఇంటికొచ్చేదాకా సిగ్నే వేలు
గాలిలో ఆ ముడి వేస్తూనే ఉంది.

రెండుచోట్లా దాని కళ్ళు ఒక్కలాగే వెలిగాయి.
అదీ చిక్కు.
ఒకచోటైనా ఆవలించి ఉంటే ఎంత బాగుండేది!

పొద్దుపోయాక తను చేసిన ఆట నా చేతికిచ్చింది.
మంచు కురిసే ఊరు, ఒక ట్రామ్, నడిపేది నేనే.
చివరి ముందు స్టాపులో,
దూరాన ఒక ముసలావిడ, చేతిలో సంచి,
పరుగు లాంటి నడకతో వస్తోంది.
నేను బటన్ మీంచి వేలు తీసేశాను.

"పోనీయమ్మా, టైమైపోతోంది."
"వస్తోంది కదా."
"ఆవిడ ఎప్పటికీ రాదు. ఊరికే పెట్టాను, ఆటలో అరటిపండు."
"మరి ఎందుకు పరిగెత్తిస్తున్నావు?"

తెర మీద నేను ఓడిపోయానని పెద్ద అక్షరాలు పడ్డాయి.
సిగ్నే వాటిని చూడలేదు.
ఉత్తరాలు రెండూ పక్కకి నెట్టి
పెన్సిల్ తీసుకుని నన్నడగడం మొదలెట్టింది:
ఎంతసేపు ఆగుతావు?
వెనక ఇంకో బండి ఉంటే?
లోపలివాళ్ళు విసుక్కుంటే?
ఇక లాభం లేదని ఎప్పుడు మూసేస్తావు?
పందొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనే.
ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఇవాళ వంతెన ముందు
పట్టాలు రెండుగా చీలే చోట
ఇనుము జరిగిన చప్పుడు విని, మలుపు తిరిగి,
భోజనం వేళ ఫోన్ చూశాను.
"గణితమే. తాత కోసం కాదు.
ఆవిడ కోసం ఎంతసేపు ఆగాలో
లెక్క కట్టడం నాకు రావడం లేదు.
ఆవిడకో పేరు కావాలి, నువ్వు పెట్టు."

ముందు ఫీజు తప్పిందని గుండె తేలికైంది.
ఆ తేలికకి సిగ్గేసి
రొట్టె మళ్ళీ కాగితంలో చుట్టేశాను.
తలుపు గురించి పోట్లాడుకునే ఆ గదిలో
పదమూడో కుర్చీ ఒకటి ఖాళీగా ఉండేది.
దాని సంగతి సిగ్నే రాయలేదు.

పేరు ఇంకా తట్టలేదు.
మూడో స్టాపులో అద్దంలోకి చూశాను, ఎవరూ రావడం లేదు.
అయినా నాలుగు లెక్కపెట్టాకే
తలుపు మూశాను.