మరక

కువోపియోలో సరస్సు గడ్డకట్టిన రాత్రి.
టర్పెంటైన్ వాసన తలకెక్కకుండా
కిటికీ బెత్తెడు తెరిచి
తాయిస్తో ముసలాయన
అరచేతంత విమానానికి మడ్డి పట్టిస్తున్నాడు.

మొదటిసారి తొందరపడి
వార్నిష్ లేకుండానే పూశాడు.
రుద్దితే బూడిదరంగుతో పాటు
రెక్క మీది ఏడో నంబరూ గుడ్డకంటుకొచ్చింది.

ఇప్పుడు రెండు పూతల వార్నిష్, రెండు రోజుల ఓపిక.
ఆ తర్వాతే పల్చటి గోధుమ నూనెరంగు.
కుంచె మొన ఆనిస్తే చాలు,
గాడి వెంట అదే పరుగెడుతుంది.
మిగిలింది దూదిపుల్లతో
ముక్కు నుంచి తోకకి,
గాలి పోయే దారినే.

ముప్పై ఏళ్లు హ్యాంగర్లో
కారిన ప్రతి చుక్కా తుడిచిన చెయ్యి.
ఇవాళ చుక్క ఎక్కడ పెట్టాలో
దానికొకరు చెప్పాలా?
ఎడమ ఇంజను కింద, రెండో బోల్టు దగ్గర.
అదెప్పుడూ కారేది.